ఆజ్ఞావాక్యములకు యంత్రవ్యాకరణము: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల వాడుక ఆధారముగా

1. ప్రస్తావన

వ్యాకరణము తెలుగువారికి క్రొత్త శాస్త్రము కాదు. అయితే నిన్నమొన్నటి వరకు వ్యాకరణమును చదివినవాడు మనుష్యుడే. సూత్రమున కొరత యున్నచో అతడు దానిని లోకజ్ఞానముతో పూరించుకొనెడివాడు. ఇప్పుడు వ్యాకరణమును చదువుటకు వేరొక శిష్యుడు మన వాకిట నిలిచియున్నాడు. సూత్రమున్నంత మేరకే ఇతనికి తెలియును. లేనిదానిని తెచ్చి కలుపుకొనుట తెలియదు. ఈ శిష్యుడు కంప్యూటరు. ఇతనికి తెలుగులో ఒక చిన్న ఆజ్ఞను తెలియజేయవలెనన్న మనమెట్టి వ్యాకరణమును వ్రాయవలెను అను ప్రశ్నను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

విషయము విస్తృతము కావున దీనిని ఒక ప్రాంతమునకు, రెండు పనులకు పరిమితము చేసికొన్నాము. నంద్యాలకు ఆళ్లగడ్డకు నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. 1863 నుండి 1870 వరకు త్రవ్వబడి, 1882లో ప్రభుత్వపరమైన కర్నూలు-కడప కాలువ ఈ ప్రాంతపు పొలములను తడుపుచున్నది. కాలువ నీరందని చేలకు బోరుబావియే ఆధారము. మొబైలు ఫోను నుండి సందేశము పంపి బోరు మోటారును నడపు పరికరములు నేడు మన దేశమున వాడుకలో నున్నవి. చీకటిలో గట్ల వెంట నడచిపోయి మోటారు వేయవలసిన రైతునకు ఇది చిన్న సౌకర్యము కాదు. ఇక ఆళ్లగడ్డ శిల్పులకు పేరుగన్న ఊరు. అచ్చటి శిలాశిల్పమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కలదు. రాతిపని జరుగు చోట ఎత్తుట, దించుట, తిప్పుట మున్నగు వానికి ఆజ్ఞలు నిత్యము. కావున నీటిపని నుండియు, రాతిపని నుండియు ఉదాహరణములను గ్రహించితిమి. వాక్యములు మేము కూర్చినవి, పదములు వాడుకలోనివి.

అపారమైన వాఙ్మయమును చదివి, దానినిబట్టి ఊహించి బదులు చెప్పు యంత్రములు నేడు ఉండగా సూత్రములతో పని యేమి అని పరిశోధక విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని ఊహ ఎంత చక్కనిదైనను ఊహయే. నీరు లేని బోరులో మోటారు తిరిగినచో కాలిపోవును. చెక్కిన రాయి జారి విరిగినచో మరల అతుకదు. ఇట్టి చోట్ల యంత్రము దేనిని అంగీకరించును, దేనిని నిరాకరించును అనునది ముందుగనే తెలిసియుండవలెను. ఆ భరోసాను ఇచ్చునది సూత్రము. అదియుగాక మోటారు ప్రక్కన గోడకు తగిలించు చిన్న పెట్టెలో ఇట్టి వ్యాకరణము సులువుగా ఇముడును.

2. పూర్వరంగము

భాషను సూత్రబద్ధము చేయుటలో పాణిని మార్గదర్శి. సుమారు నాలుగువేల సూత్రములలో ఆయన సంస్కృతమును ఇమిడ్చెను. ఆధునిక కాలమున నోమ్ చామ్‌స్కీ 1956, 1957 సంవత్సరముల రచనలలో వాక్యములను పుట్టించు సూత్రములను వానివాని శక్తినిబట్టి తరగతులుగా విభజించెను. 1959లో జాన్ బాకస్ కంప్యూటరు భాషల నిర్మాణమును వర్ణించుటకు ఒక సంకేతపద్ధతిని ప్రతిపాదింపగా, 1960లో పీటర్ నౌర్ సంపాదకత్వమున వెలువడిన ఆల్గాల్ భాషా నివేదికలో అది స్థిరపడినది. బాకస్-నౌర్ పద్ధతి అని దీనికి పేరు. 1967లో ఇంగర్మన్ అను పండితుడు దీనిని పాణిని-బాకస్ పద్ధతి అనుట ఉచితమని సూచించెను. ఈ సూచన మనకు సంతోషకరమే అయినను ఒక్క భేదమును మరువరాదు. పాణిని సూత్రము ముందువెనుకల సందర్భమును గణించును. బాకస్ సూత్రము గణింపదు. ఈ భేదము తెలుగు ఆజ్ఞల విషయమున ఎట్లు అక్కరకు వచ్చునో ముందు చూతుము.

సాధారణ వాక్యములతో ఆజ్ఞలిచ్చు కార్యక్రమములలో ప్రసిద్ధమైనది విల్ క్రౌథర్ 1976 ప్రాంతమున రచించిన గుహాన్వేషణ క్రీడ. అందు ఆజ్ఞ రెండు పదములకు మించదు. మొదట క్రియ, పిదప వస్తువు. పైగా ఆ యంత్రము ప్రతి పదమునందును మొదటి అయిదు అక్షరములనే చూచును. ఆంగ్లమునకు ఈ పద్ధతి చాలినది. దీనినే తెలుగునకు దించినచో ఏమగునో చూచుటయే ఈ వ్యాసమునకు మూలమైన విచారము. ఆంగ్లమున నిషేధము వాక్యారంభమున నుండును. తెలుగున నిషేధము క్రియాపదపు తోకలో నుండును. మొదలు చూచి తోకను విడుచువాడు 'ఆపకు' అన్నచో ఆపివేయును.

3. ప్రథమ సూత్రపాఠము

బాలవ్యాకరణము (1858) పది పరిచ్ఛేదములలో మొదటిది సంజ్ఞాపరిచ్ఛేదము. మనమును సంజ్ఞలతోనే ఆరంభింతము. 'ఆజ్ఞ', 'వస్తువు', 'క్రియ' మున్నగునవి సంజ్ఞలు. ఇవి రైతు వ్రాయు పదములు కావు, పదముల తరగతులకు మనము పెట్టుకొన్న పేర్లు. ఉద్ధరణ చిహ్నములలో నున్నవి రైతు వ్రాయు పదములు. బాణపు గుర్తునకు 'ఇట్లు ఏర్పడును' అనియు, నిలువు గీతకు 'లేక' అనియు అర్థము.

(1) ఆజ్ఞ → అంగములు క్రియ
(2) అంగములు → అంగము | అంగము అంగములు
(3) అంగము → వస్తువు | వ్యవధి | సమయము
(4) వ్యవధి → సంఖ్య "గంటలు" | సంఖ్య "నిమిషాలు"
(5) సమయము → సంఖ్య "గంటలకు"
(6) వస్తువు → "మోటారు"
(7) క్రియ → "వెయ్యి" | "ఆపు" | "వెయ్యకు" | "ఆపకు"
(8) సంఖ్య → "రెండు" | "ఆరు" | "వెయ్యి" మున్నగునవి

'మోటారు రెండు గంటలు వెయ్యి' అను వాక్యమును పరీక్షింతము. 'మోటారు' ఆరవ సూత్రముచే వస్తువు. 'రెండు' సంఖ్య, 'రెండు గంటలు' నాల్గవ సూత్రముచే వ్యవధి. ఈ రెండును మూడవ సూత్రముచే అంగములైనవి. రెండవ సూత్రము వానిని కూర్చినది. చివరి పదము క్రియ. మొదటి సూత్రముచే వాక్యమంతయు ఆజ్ఞగా సిద్ధించినది. 'రెండు గంటలు మోటారు వెయ్యి' అని తారుమారు చేసినను సిద్ధించును. ఇది తెలుగు స్వభావమునకు అనుగుణము.

నాల్గవ, అయిదవ సూత్రములకు నడుమ నున్న భేదమును గమనింపవలెను. 'ఆరు గంటలు వెయ్యి' అన్నచో మోటారు ఆరు గంటల సేపు నడువవలెను. 'ఆరు గంటలకు వెయ్యి' అన్నచో గడియారమున ఆరు కొట్టినప్పుడు నడువ మొదలిడవలెను. రెంటికిని భేదము షష్ఠీవిభక్తి ప్రత్యయమైన ఒక్క 'కు' మాత్రమే. పదముల వరుస మారినను అర్థము చెడకుండుట విభక్తి పెట్టిన భిక్ష. కావున తెలుగు యంత్రవ్యాకరణమున విభక్తిని అలంకారముగా భావించి విడుచుట తగదు. అక్షర్ భారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ 1995లో వెలువరించిన గ్రంథమున భారతీయ భాషల యంత్రవిశ్లేషణమునకు పాణిని కారకదృష్టియే తగినదని వాదించుటకు ఇట్టి భాషాస్వభావమే ఆధారము.

4. తోకను విడుచుటవలన ముప్పు

'వెయ్యి' అను పదము కంటికి రెండక్షరములు. యంత్రము దానిని ఆరు గుర్తులుగా దాచుకొనును: వకారము, ఎత్వము, యకారము, హల్లును పొల్లుచేయు గుర్తు, మరల యకారము, ఇత్వము. వాడుకలో దీనినే 'వెయ్' అనియు వ్రాయుదురు. ఇందు మొదటి నాలుగు గుర్తులే కలవు. ఇప్పుడు 'వెయ్యకు' అను నిషేధరూపమును చూడుడు. దాని మొదటి నాలుగు గుర్తులును సరిగా ఆ నాలుగే. అనగా యంత్రదృష్టిలో 'వెయ్' అను విధి 'వెయ్యకు' అను నిషేధమునకు ఉపసర్గవలె ముందు భాగమై యున్నది.

సూత్రములను పైనుండి క్రిందికి వరుసగా ప్రయత్నించి, మొదట కుదిరినదానిని స్వీకరించు పద్ధతి యొకటి కలదు. బ్రయాన్ ఫోర్డ్ 2004లో దీనికి శాస్త్రరూపము నిచ్చెను. ఈ పద్ధతిలో ఏడవ సూత్రమున 'వెయ్' ముందు వ్రాసి 'వెయ్యకు' వెనుక వ్రాసినచో ఫలితమేమి? రైతు 'మోటారు వెయ్యకు' అని పంపును. యంత్రము 'వెయ్' అనునంతవరకు చదివి, కుదిరినదని సంతసించి, మిగిలిన 'యకు'ను త్రోసిపుచ్చినచో, వలదన్న మోటారు తిరుగును. మోటారును మనుష్యుడు బాగుచేయుచున్నవేళ ఈ పొరపాటు జరిగినచో అది వ్యాకరణదోషమని సరిపెట్టుకొనుటకు వీలులేదు.

దీనికి రెండు నియమములు చాలును. ఒకటి, దీర్ఘరూపమునే ముందు ప్రయత్నింపవలెను. రెండు, వాక్యము చివరి గుర్తు వరకు సూత్రములకు లోబడనిచో దేనిని అంగీకరింపరాదు. రెండవ నియమము మొదటిదానికన్న బలవత్తరము. సగము తెలిసిన ఆజ్ఞను ఆచరించుటకన్న ఏమియు తెలియలేదనుట మేలు.

5. నానార్థములు: వెయ్యి, నూరు

ఎనిమిది సూత్రములను చదివిన పాఠకులు ఇప్పటికే ఒక చిక్కును గుర్తించియుందురు. 'వెయ్యి' ఏడవ సూత్రమున క్రియ. ఎనిమిదవ సూత్రమున సంఖ్య. బేతంచెర్ల నాపరాళ్లను లారీకెక్కించు చోట 'లారీలో వెయ్యి రాళ్లు వెయ్యి' అనుట సహజము. శిల్పి పనిచోట 'ఉలులు నూరు' అన్నచో పదును పెట్టుమని అర్థము. 'నూరు ఉలులు నూరు' అన్నచో మొదటిది సంఖ్య, చివరిది క్రియ. మన చెవికి ఇందు సందేహమే లేదు. నిఘంటువును మాత్రమే నమ్మిన యంత్రమునకు అంతయు సందేహమే.

సందేహనివృత్తికి ఉపాయము తెలుగులోనే యున్నది. సంఖ్య తాను లెక్కించు నామమునకు ముందే వచ్చును. ఒకటికి మించిన సంఖ్యకు నామము బహువచనమున నుండును. కావున 'వెయ్యి' కనబడగానే తరువాతి పదమును ఒక్కదానిని చూచిన చాలును. అది 'రాళ్లు', 'గంటలు' వంటి బహువచనమైనచో 'వెయ్యి' సంఖ్య. ఏమియు లేనిచో క్రియ. ఆపదలో మనము 'ఆపు మోటారు' అని క్రియను ముందు వేయుట కలదు. అట్టి త్వరాజ్ఞను మోటారువిషయమున నిరాకరించుట క్రూరము. దానినిబట్టి 'వెయ్యి మోటారు' అని వచ్చినచో ఏకవచనము తరువాత నున్నది గనుక 'వెయ్యి' క్రియ. 'వెయ్యి మోటార్లు' అని వచ్చినచో సంఖ్య. వచనభేదము ఇంత పనికివచ్చునని చిన్నతరగతులలో వచనములను చెప్పునప్పుడు మనము తలచియుండము.

అయితే అన్ని సందేహములును తీరవు. 'నాపరాళ్లు వెయ్యి' అని ఒక సందేశము వచ్చినదనుకొందము. రాళ్లను వేయుమని ఆజ్ఞయా? వేయి రాళ్లు కావలెనని కోరికయా? వ్రాసినవాడు 'పంపు' అను క్రియను అధ్యాహారముగా విడిచియుండవచ్చును. ఇక్కడ సూత్రములు రెండర్థములను సమానముగా సమర్థించును. పండితుడైనను అడిగి తెలిసికొనవలసినదే. యంత్రమును అట్లే అడుగవలెను.

6. సంధి

వ్రాతలో ఖాళీలు పదములను విడదీయునని నమ్ముట ఆంగ్లమున కొంతవరకు చెల్లును. తెలుగున ఉకారమునకు అచ్చు పరమైనప్పుడు రెండును కలిసిపోవుట అందరెరిగినదే. 'మోటారాపు' అని ఒకే పదముగా వ్రాయువారుందురు. 'మోటారారు గంటలకాపు' అన్నను మనకు తెలియును.

యంత్రము ఇట్లు చేయవచ్చును. నిఘంటువున లేని పదము కనబడినచో, అందలి ప్రతి అచ్చు కడను విడదీసి, ఎడమ భాగమునకు ఉకారమును చేర్చి, కుడి భాగమును అచ్చుతో ఆరంభించి, రెండును నిఘంటువున నున్నవేమో చూడవలెను. 'మోటారాపు' ఈ విధముగా 'మోటారు', 'ఆపు' అని విడిపోవును. 'గంటలకాపు' మాత్రము రెండు విధములుగా విడివడును: 'గంటలకు ఆపు' అనియు, 'గంటల కాపు' అనియు. రెండవదానికి కావలి యను అర్థము కుదురును. అయితే అట్లు విడదీసినచో వాక్యమునకు క్రియ మిగులదు. మొదటి సూత్రము దానిని నిరాకరించును. పదస్థాయిలో పుట్టిన సందేహమును వాక్యస్థాయి సూత్రము తీర్చుట ఇందు గమనింపదగిన విశేషము.

7. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

మన ప్రథమ పాఠము 'మోటారు మోటారు వెయ్యి' అను వాక్యమును కూడ అంగీకరించును. రెండవ సూత్రము అంగములను ఎన్నైనను కూర్చుకొనుటకు అనుమతించుటయే దీనికి హేతువు. వాక్యార్థబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన శాస్త్రకారులు చెప్పిరి. యంత్రవ్యాకరణమునకు ఈ మూడును మూడు పరీక్షలు.

'వెయ్యి' అను క్రియ ఒక వస్తువును కోరును. అంతకు మించి కోరదు. ఇది ఆకాంక్ష. 'మోటారు ఆరు గంటలు' అని ఆగిపోయినచో ఆకాంక్ష తీరలేదు. రెండు మోటార్లు వచ్చినచో అధికమైనది. యోగ్యతకు ఉదాహరణముగా 'కట్టు' అను క్రియను చూడుడు. 'చేనికి నీళ్లు కట్టు' అన్నచో నీటిని పారించుట. 'కాలువకు అడ్డు కట్టు' అన్నచో నీటిని ఆపుట. క్రియ ఒక్కటే, వస్తువు మారగానే ఫలము తలక్రిందులైనది. క్రియకు ఒక్క అర్థమును వ్రాసికొన్న యంత్రము ఈ రెంటిలో ఒకదానిని తప్పక చెరచును. కావున అర్థమును క్రియకు గాక, వస్తుక్రియల జంటకు నిర్ణయింపవలెను. సన్నిధి యనగా సంఖ్య తన కొలత ప్రక్కనే యుండుట. 'రెండు మోటారు గంటలు' అని వ్రాసినచో విడిచిపుచ్చవలెను.

ఇంకొక సూక్ష్మము కలదు. 'రెండు గంటలు మోటారు వెయ్యకు' అను వాక్యమునకు రాబోవు రెండు గంటల సేపు మోటారు జోలికి పోవద్దని ఒక అర్థము. వేసినను రెండు గంటల సేపు వేయవద్దు, తగ్గించి వేయుమని మరొక అర్థము. సూత్రము ఒక్కటే, అర్థములు రెండు. దీనిని మేము మొదటి సూత్రమును చీల్చి పరిహరించితిమి:

(1అ) ఆజ్ఞ → విధి | నిషేధము | త్వరాజ్ఞ
(1ఆ) విధి → అంగములు విధిక్రియ
(1ఇ) నిషేధము → వస్తువు నిషేధక్రియ
(1ఈ) త్వరాజ్ఞ → విధిక్రియ వస్తువు | నిషేధక్రియ వస్తువు

దీనికి అనుగుణముగా ఏడవ సూత్రమున 'వెయ్యి', 'ఆపు' విధిక్రియలు. 'వెయ్యకు', 'ఆపకు' నిషేధక్రియలు. నిషేధమునకు ఇక వ్యవధి చేరదు. చేరినచో యంత్రము నిరాకరించి, తిరిగి అడుగును. భాషలో నున్న శక్తిని కొంత కోలుపోయితిమి, నిశ్చయమును సంపాదించితిమి. యంత్రవ్యాకరణమున ఇట్టి బేరము తప్పదు.

8. ఎవరి తెలుగు?

ఇంతవరకు 'వెయ్యి' అనియే వ్రాసితిమి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పలుకుబడిలో పదాది వకారము జారి 'ఎయ్యి' అగుట కలదు, నిషేధము 'ఎయ్యొద్దు'. 'ఆపవద్దు' అనునది 'ఆపొద్దు' అగును. మాట చివర 'అబ్బా' అనియో 'అప్పా' అనియో సంబోధన చేరును. కొందరు మోటారునకును మర్యాద యిచ్చి 'ఆపండి' అందురు. ఇవి యేవియు తప్పులు కావు. వ్యవసాయదారుల నోటి పదములను సేకరించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును వెలువరించినప్పుడే ఈ విషయము విశ్వవిద్యాలయములకు స్పష్టమైనది.

యంత్రవ్యాకరణకర్త యొక్క నిఘంటువున 'వెయ్యి' మాత్రమే యుండి 'ఎయ్యి' లేకపోయినచో, రైతు సందేశము తిరస్కృతమగును. అతడు తన నోటిని దిద్దుకొనవలసి వచ్చును. లేక గట్ల వెంట నడచిపోవలసి వచ్చును. లక్ష్యమునుబట్టి లక్షణము ఏర్పడవలెనా, లక్షణమునకు లక్ష్యము లొంగవలెనా అను పాత వివాదము ఈ చిన్న పెట్టెలో మరల తలయెత్తినది. మా నిర్ణయము ఇది. సూత్రములలో సంజ్ఞలు స్థిరముగా నుండవలెను. సంజ్ఞలకు లోబడు పదములు ఆ ప్రాంతపు నోటినుండి రావలెను. ఏడవ సూత్రమున 'ఎయ్యి', 'ఎయ్యొద్దు', 'ఆపొద్దు', 'ఆపండి' చేర్చుటకు వ్యయమయ్యెడిది ఒక్క పంక్తి. సంబోధనములను ఒక సంజ్ఞ క్రింద చేర్చి, అర్థనిర్ణయమున విడిచిపుచ్చవచ్చును.

9. ముగింపు

పై విచారమువలన తేలిన అంశములను సంగ్రహింతుము. తెలుగు ఆజ్ఞకు ప్రాణము తుదిపదమున నున్నది. కావున చివరి గుర్తు వరకు చదువని యంత్రము తెలుగును చదివినట్లు కాదు. పదముల వరుస వదులైనది, విభక్తి బిగువైనది. కావున విభక్తియే ఆధారము. సంఖ్యాక్రియల సందేహమును వచనము చాలవరకు తీర్చును. సంధిసందేహమును వాక్యసూత్రము తీర్చును. ఇవి యేవియు తీర్పలేని చోట యంత్రము ఊహింపక అడుగవలెను. ఆచరించుటకు ముందు 'మోటారు రెండు గంటలు నడచును, సరియేనా?' అని తాను గ్రహించిన అర్థమును తిరిగి చెప్పుట అన్నిటికన్న ఉత్తమము. గురువు చెప్పినదానిని శిష్యుడు ఒప్పగించుట మనకు తెలిసిన పద్ధతియే.

ఇది పదిపన్నెండు సూత్రముల చిన్న పాఠము. దీనికి 'అయితే', 'అంతవరకు' వంటి షరతులను చేర్చి, 'కరెంటు వచ్చినంతవరకు వెయ్యి' అను వాక్యమును సాధించుట తరువాతి మెట్టు. ఆ పనికి పూనుకొను విద్యార్థులు సూత్రములు వ్రాయుటకు ముందు ఒక దినము చేనిలోను, ఒక దినము శిల్పుల పనిచోటను కూర్చుండి, అచ్చట వినబడు ఆజ్ఞలను వినినవి వినినట్లు వ్రాసికొనవలెనని మా సూచన. సూత్రము తరువాత వచ్చును.